రెండో బొమ్మ

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్షరాలు కోడి కెలికినట్టు పడుతున్నాయి. పడనీ, ఇది చదివేది నేనొక్కదాన్నే.

పొద్దున పదకొండింటికి చెల్లి ఇంటికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. చెల్లి కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది, నోరు తెరుచుకుని, ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. ఏడు వారాలుగా దాని కంటి మీద కునుకు లేదు. పడుకోనీలే, పిడికెడుగాణ్ణి ఒకసారి చూసి పోదామనుకున్నాను. పుట్టినప్పుడు పిడికెడే ఉన్నాడని ఆ పేరు నేనే పెట్టాను.

వాడి చిన్న మంచం దగ్గరికి వెళ్ళాను. వాడు బోర్లా ఉన్నాడు. మొహం మొత్తం మెత్తటి దిండులో కూరుకుపోయి ఉంది. దుప్పటి నెత్తి దాకా వచ్చింది. పక్కన ఎలుగుబంటి బొమ్మ.

ఎత్తాను. జుట్టు చెమటతో తడిసి ముద్దయింది. తల వేలాడిపోయింది. నేను రంగులతో బతికేదాన్ని, ఏ రంగుకైనా పేరు చెబుతాను. ఆ పెదాల రంగుకి మాత్రం పేరు చెప్పలేను. వీపు మీద రుద్దాను, అరికాలి మీద చిటికేశాను, వాణ్ణి పిలిచాను. ఎంతసేపో తెలీదు. గుండె ఆగినంత పనైంది అని జనం ఊరికే అంటుంటారు, నేనూ అనేదాన్ని. ఇక ఊరికే అనను.

అప్పుడు ఏడ్చాడు. అమ్మయ్యో, ఎంత కోపంగా ఏడ్చాడో!

చెల్లి ఉలిక్కిపడి లేచి, “ఏంటక్కా, పడుకున్నవాణ్ణి లేపావేంటి?” అంది.

“లేపానా? లేపానా? వీడు లేచేవాడా అసలు? బోర్లా ఎందుకు పడుకోబెట్టావే? ఈ దిండేంటి?”

అది గోడ వైపు చూపించింది. మంచానికి సరిగ్గా పైన నేను వేసిన కాగితం అంటించి ఉంది. మా ఆసుపత్రిలో ఇంటికి వెళ్ళే ప్రతి తల్లికీ ఇచ్చే కాగితం. పసిబిడ్డని ఎలా పడుకోబెట్టాలో చెప్పే కాగితం. నేను మూడు నెలలు కూర్చుని వేసింది.

“అందులో ఉన్నట్టే సర్దానక్కా. ఆ పూల దుప్పటి దొరకలేదని మూడు దుకాణాలు తిరిగాను” అంది.

రెండో బొమ్మలో ఉన్నట్టు సర్దింది. మొదటిది ఎలా పడుకోబెట్టాలో చూపించే బొమ్మ, రెండోది అలా చెయ్యకూడదని వేసిన బొమ్మ. దిండు, దుప్పటి, ఎలుగుబంటి, బోర్లా బిడ్డ, ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.

“గుడ్డిదానివా? దాని మీద ఇంటూ మార్కు ఉంది కదా!” అని అరిచాను.

“ఏదీ?”

వేలు పెట్టి చూపించాను. అది మొహం కాగితానికి ఆనించి చూసింది. “ఇదా? దుప్పటి మీది పువ్వు ఊడి పడింది అనుకున్నా” అంది.

పిడికెడుగాణ్ణి ఆసుపత్రిలో ఉంచారు. రెండు రోజులు చూస్తారట. పెదాలు గులాబి రంగుకి వచ్చాయి.

ఫిబ్రవరి 10, సోమవారం

పాలు తాగాడు. ఈ రోజుకి ఇదే రాస్తాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇంటికి పంపించేశారు. బిడ్డ బాగానే ఉన్నాడన్నారు. చెల్లి నాతో మాట్లాడలేదు. గుడ్డిదానివా అన్నందుకు కోపం. ఉండనీ, నాకు మాత్రం లేదా కోపం?

పట్టుమని పది వాక్యాలు లేవు ఆ కాగితంలో. వెల్లకిలా పడుకోబెట్టండి, ప్రతిసారీ. గట్టి పరుపు, చదునుగా. దిండు, దుప్పటి, బొమ్మలు వద్దు. మీ గదిలోనే, కానీ వేరే పక్క మీద. పెద్ద అక్షరాల్లో ఉంది. చదువుకున్న పిల్ల కదా, చదవొచ్చు కదా? అడిగితే “అక్షరాలు కదులుతున్నాయక్కా, బొమ్మలు ఒక్కటే నిలబడుతున్నాయి” అంటుంది. నాటకాలు.

ఇంటూ మార్కు లేతగా ఉందంటే దానికి నేనేం చెయ్యను? ఈ కాగితం పని అప్పగించిన డాక్టరమ్మే చెప్పింది. “తల్లుల్ని భయపెట్టొద్దు, వాళ్ళు ముందే బెదిరిపోయి ఉంటారు, ధైర్యం చెప్పేలా ఉండాలి” అంది. నేను ధైర్యం చెప్పేలా వేశాను. పసివాడి మొహం మీద ఎర్రటి ఇంటూ కొట్టడానికి నాకు చెయ్యి రాదు, ఎవరికి వస్తుంది?

ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెల్లి కొడుక్కి ఏమైందని పెద్ద నర్సమ్మ అడిగితే “మెత్తటి దిండు” అన్నాను. అది నిజమే.

ఒక్క చెల్లి పొరబడితే కాగితం తప్పయిపోదు.

ఫిబ్రవరి 13, గురువారం

మా బొమ్మల గది నుంచి టీ గదికి వెళ్ళాలంటే కొత్త తల్లుల వార్డు మీదుగా వెళ్ళాలి. ఇవాళ ఒక తల్లి భుజాన బిడ్డని వేసుకుని గోడ మీది నా కాగితం ముందు నిలబడి ఉంది. నవ్వుతోంది. వేలితో ఎలుగుబంటిని ముట్టుకుని, “చూడు కన్నా, నీకు కూడా కొందాం” అంది బిడ్డతో.

నేను ఏమీ ఎరగనట్టు దాటిపోయాను. టీలో చక్కెర వేశానో లేదో గుర్తు లేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఎలుగుబంటి ఎందుకు వేశాను? ఎవరూ వెయ్యమనలేదే.

ఫిబ్రవరి 15, శనివారం

సెలవు. ఎండలో చాలా దూరం నడిచాను. పిడికెడుగాడికి సాక్సులు కొన్నాను, బొటనవేలంత ఉన్నాయి. చెల్లి తలుపు తీసింది, మాటలు మాత్రం నాలుగంటే నాలుగే. వాడు వెల్లకిలా పడుకుని కాళ్ళు తంతున్నాడు. పక్క మీద ఏమీ లేదు. అంతా సర్దుకుంటుంది. మనసు తేలికపడింది.

ఫిబ్రవరి 17, సోమవారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను. లేకపోతే రేపు పొద్దుటికి ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

టీ గదిలో పెద్ద నర్సమ్మ నన్ను పట్టుకుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ వార్డులో ఉన్న మనిషి, ఆవిడ కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పడం ఎవరి వల్లా కాదు. నలభై దాటినదాన్ని, నన్నింకా బొమ్మలమ్మాయి అనే పిలుస్తుంది.

“ఏమైంది బొమ్మలమ్మాయ్? వారం నుంచి పీక్కుపోయావ్. చెల్లి కొడుకు బాగానే ఉన్నాడుగా?”

చెప్పేశాను. దిండు, దుప్పటి, మూడు దుకాణాలు, ఊడి పడిన పువ్వు. ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

“ఎప్పుడు ఇది?”

“తొమ్మిదిన.”

“ఇవాళ పదిహేడు” అంది. లేచి, “పద” అంది.

కాగితం మీద అక్షరాలు ఉన్నచోట అట్టముక్క పెట్టి కప్పేశాము. బొమ్మలు రెండే కనబడేలా పట్టుకుని మంచం మంచానికీ వెళ్ళాము. వార్డులో పదకొండు మంది తల్లులున్నారు. నర్సమ్మ అందరినీ ఒకటే అడిగింది. “ఈ కాగితం చూస్తే, మీ బిడ్డని ఎలా పడుకోబెట్టాలి అనిపిస్తోందమ్మా?”

మొదటి అమ్మాయి ఆలోచించను కూడా లేదు, రెండో బొమ్మ మీద వేలు పెట్టింది. రెండో ఆవిడ కూడా అంతే.

మూడో ఆవిడ బస్సు కండక్టరు. “మొదటిది ఇక్కడ, రెండోది ఇంటికెళ్ళాక. ఆసుపత్రిలో దిండ్లూ దుప్పట్లూ ఎక్కడిస్తారు గానీ” అంది నవ్వుతూ.

నాలుగో ఆవిడ బడిలో పాఠాలు చెప్పే టీచరు. “ముందు ఇలా పడుకోబెట్టి, నిద్రపట్టాక తిప్పి దుప్పటి కప్పాలి. ఒకటి, రెండు. వరస చూపించారు కదా” అంది. చాలా ఓపిగ్గా చెప్పింది, నాకే అర్థం కాలేదేమో అన్నట్టు.

ఇంకొకామె మొదటి బొమ్మని చూసి మొహం ముడుచుకుంది. “పాపం, ఈ బిడ్డకి ఎవరూ లేరా? వట్టి పక్క మీద పడేశారేంటి?” అంది.

ఇంటూ మార్కు ఏంటని అడిగితే ఒకరు పువ్వన్నారు, ఒకరు కుట్టు అన్నారు, ఒకరు అచ్చు వేసేవాళ్ళ గుర్తేమో అన్నారు. మిగతావాళ్ళకి అసలు కనబడలేదు.

పదకొండు మందిలో ఎనిమిది మంది రెండో బొమ్మ చూపించారు. ముగ్గురు సరిగ్గా చెప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ముగ్గురినీ ఎలా తెలిసిందని అడిగాను. “నర్సమ్మ పొద్దున చెప్పింది కదండీ” అన్నారు.

అంటే నా బొమ్మ చూసి సరిగ్గా చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కొయ్యబారిపోయి మంచాల మధ్య నిలబడిపోయాను. బిడ్డలు ఏడుస్తున్నారు, ఎవరో నీళ్ళ గ్లాసు ఇచ్చారు.

“నువ్వు అంత బాగా వెయ్యడమే వచ్చిన చిక్కు. ఆ రెండోదాని మీద ఎన్ని రోజులు కూర్చున్నావ్?” అంది నర్సమ్మ.

పన్నెండు రోజులు. దుప్పటి పువ్వులకే నాలుగు. మొదటిది ఒక్క పూటలో అయిపోయింది, ఖాళీ పక్కలో వెయ్యడానికి ఏముంటుంది?

ఇంకొకటి కూడా రాయాలి. డిసెంబరులో మచ్చు కాగితం చూపించినప్పుడు నర్సమ్మ కళ్ళు చికిలించి, “ఇంటూ మార్కు కనబడట్లేదు బొమ్మలమ్మాయ్” అంది. నేనేమన్నానంటే, “మీరు సూదులు చూసుకోండి, రంగులు నాకు వదిలెయ్యండి.” అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాను. ఇవాళ ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఫిబ్రవరి 18, మంగళవారం

డాక్టరమ్మ ముందు నమ్మలేదు. “పక్కనే అంత స్పష్టంగా రాసి ఉంది కదా” అంది, నేను చెల్లితో అన్నట్టే.

నర్సమ్మ అట్టముక్క పెట్టి కాగితం ఆవిడ ముందు పెట్టింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది, పెట్టుకుంది. వేలితో వెతికింది. ఆ వేలు దుప్పటి మీద తిరుగుతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను.

“ఈ రంగు నేను చెప్పానా?” అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా గుర్తు లేక అడిగింది.

అవుననొచ్చు. ఆవిడకి గుర్తు లేదు, నర్సమ్మ ఆ రోజు గదిలో లేదు. వారం రోజులుగా డైరీలో అవుననే రాసుకున్నాను.

“లేదు మేడమ్. మీరు భయపెట్టొద్దు అన్నారంతే. రంగు నాదే. దుప్పటి రంగుకి నప్పుతుందని వేశాను.”

ఎన్ని ఇచ్చామో చూస్తే రెండు వందల పన్నెండు. అందరి చిరునామాలూ రిజిస్టరులో ఉన్నాయి. ఈ కాగితం ఇవ్వడం ఈ క్షణం నుంచి ఆపెయ్యమంది. ఫోను ఉన్నవాళ్ళకి ఇవాళే ఫోను చెయ్యమంది. కొత్తది వెయ్యగానే ఇల్లిల్లూ తిరిగి పాతది తెచ్చెయ్యాలి.

“పాతది తీసుకోండి, కొత్తది ఇవ్వండి, ఎలా పడుకోబెట్టాలో చేసి చూపించండి. అంతకు మించి ఏమీ అనొద్దు. వాళ్ళని లేనిపోని భయాల్లో పడెయ్యకండి” అంది.

లేనిపోని భయాలా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

చెల్లి దగ్గరికి వెళ్ళాను. అది సగమైపోయింది. తొమ్మిదో తారీఖు నుంచి వాడి ఊపిరి చూస్తూ కూర్చుంటోందట, పగలు కూడా.

“నేనేగా అక్కా వాణ్ణి అలా పడుకోబెట్టింది. ఎలాంటి తల్లిని నేను?” అంది.

“కాదులేవే, ఆ కాగితంలో కాస్త పొరపాటు ఉంది. మార్చేస్తున్నాం” అన్నాను.

“ఎవరి పొరపాటు?”

“అందరిదీనూ.”

అది తల ఊపింది. వాణ్ణి నేను చూస్తానని చెప్పి దాన్ని రెండు గంటలు పడుకోబెట్టి వచ్చాను. అందరిదీనూ అట! సిగ్గు లేకపోతే సరి.

ఫిబ్రవరి 20, గురువారం

ఈసారి బొమ్మల గదిలో కూర్చోలేదు. పలక, పెన్సిలు పట్టుకుని వార్డులోనే కుర్చీ వేసుకున్నాను. ఒక్కో గీతా చూపించి అడిగాను.

ఒకటే బొమ్మ. తప్పు బొమ్మ వెయ్యను, ఇంటూ మార్కు వెయ్యను, చూసి నేర్చుకునేవాళ్ళకి చూడకూడనిది చూపించడమెందుకు? కానీ వట్టి పక్క మీద వెల్లకిలా ఉన్న బిడ్డని చూసి అందరూ మళ్ళీ పాపం అన్నారు. దిక్కులేని బిడ్డలా ఉందట.

కండక్టరమ్మే చెప్పింది. “బిడ్డకి ఏం కప్పారని కాదండీ, పక్కన ఎవరున్నారని చూస్తాం మేము. తల్లిని వెయ్యండి.”

తల్లిని వేశాను. బిడ్డ మంచానికి చేతికందే దూరంలో తన మంచం మీద, జుట్టు రేగిపోయి, కళ్ళ కింద నలుపు, చెయ్యి చాపి బిడ్డ మంచం అంచు పట్టుకుని. వార్డు మొత్తం పగలబడి నవ్వింది. “అచ్చం నేనే!” అని నలుగురు అన్నారు. కింద అక్షరాలు తగ్గించేశాను. వెల్లకిలా, ప్రతి నిద్రకీ. గట్టి పరుపు, ఖాళీ పక్క. నీకు నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డని తన మంచంలో పెట్టు, సోఫాలో పట్టుకుని కూర్చోకు. ఎవరినైనా సాయం పిలువు, అది తప్పు కాదు.

అక్షరాలు కప్పి పదమూడు మందిని అడిగాము. పదమూడు మందీ సరిగ్గా చెప్పారు. నర్సమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది, ఇంకా మండుతోంది.

ఫిబ్రవరి 26, బుధవారం

కాగితాలు అచ్చయి వచ్చాయి. సోమవారం నుంచి నర్సమ్మ, నేను తిరుగుతున్నాము. ఫోనులో అందరూ సరే సరే అంటారు, వెళ్ళి చూస్తే ఎక్కడి దిండు అక్కడే. నలభై ఇళ్ళయ్యాయి. ఇరవై మూడు ఇళ్ళలో రెండో బొమ్మ గోడ మీద ఉంది, పక్క మీద కూడా ఉంది. ఒక ఇంట్లో తండ్రి వడ్రంగి, దిండు జారకుండా చుట్టూ చెక్కతో చిన్న గట్టు కట్టాడు, నాకు చూపించి మురిసిపోయాడు. ఎంత నున్నగా చేశాడో! దాన్ని మా చేతుల్తో ఊడదీశాము.

అందరూ బాగున్నారు. ప్రతి తలుపు దగ్గరా లోపల బిడ్డ ఏడుపు వినిపించేదాకా నేను ఊపిరి తీసుకోవడం లేదు.

మార్చి 1, శనివారం

నూట ఆరు.

మార్చి 4, మంగళవారం

నూట డెబ్బై. అందరూ బాగున్నారు. అందరూ బాగున్నారు. ఇంకెంత, నలభై రెండు ఇళ్ళు. గండం గడిచినట్టే.

మార్చి 6, గురువారం

చెల్లికి నిజం చెప్పాలి, రేపు చెబుతాను. ముందు ఇది రాయాలి.

నూట తొంభై ఒకటో ఇల్లు. మూడో అంతస్తు, నర్సమ్మ మెట్ల మీద రెండుసార్లు ఆగింది. రిజిస్టరులో ఉన్న ఫోను నంబరు పని చెయ్యలేదు. తలుపు ఒక పెద్దావిడ తీసింది, ఆ తల్లికి అత్తగారు. నర్సమ్మ ఎప్పటిలాగే నవ్వుమొహంతో, “ఆసుపత్రి నుంచమ్మా, కొత్త కాగితం తెచ్చాం. మనవరాలు నిద్రపోతోందా?” అంది.

పెద్దావిడ పక్కకి జరిగింది. గదిలో చిన్న మంచం ఉంది. దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి దొంతరగా పెట్టారు. పైన గోడకి నా కాగితం, నాలుగు మూలలా టేపు, ఒక్క ముడత లేకుండా.

నాకు అర్థమైంది, కానీ కాళ్ళు ఇంకా లోపలికే నడిచాయి.

“పందొమ్మిది రోజులైంది. పగటిపూట, భోజనాలయ్యాక. పక్కనే కూర్చుని ఉందమ్మా ఇది, నిద్రమొహంది. కళ్ళు తెరిచి చూసుకుని ఉంటే పోయేదా నా బంగారు తల్లి?” అంది పెద్దావిడ.

ఆ తల్లి కిటికీ దగ్గర కింద కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. జాకెట్టు ముందు భాగం పాలతో తడిసి ఆరి మరకలు కట్టింది. ఆ మాటలకి కళ్ళెత్తలేదు, రోజూ వినే మాటలన్నట్టు ఉంది. ఇంకో గదిలోంచి భర్త వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

నేను పందొమ్మిది రోజులు వెనక్కి లెక్కపెట్టాను. ఫిబ్రవరి పదిహేను.

నర్సమ్మ ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. తర్వాత నాకేసి చూసి కళ్ళతోనే గోడ చూపించింది, కాగితం తియ్యమని. నేను టేపు మీద గోరు పెట్టాను.

ఆ తల్లి ఒక్క ఉదుటున లేచింది. నాకూ గోడకీ మధ్యకి వచ్చేసింది.

“ముట్టుకోవద్దు. తియ్యనివ్వను.”

“అమ్మా, అది పాతది...” అన్నాను.

“పాతదైతే ఏం? నేను ఇందులో ఉన్నట్టే చేశాను. దిండు ఇలాగే పెట్టాను. ఇలాగే తిప్పి పడుకోబెట్టాను. చూడండి, ఇలాగే ఉందా లేదా? నేనేం తప్పు చెయ్యలేదని చూపించడానికి నాకు ఇదొక్కటే ఉంది. అందరూ నన్నే అంటున్నారు. దీన్ని కూడా పట్టుకుపోతే నేనేం చూపించను?”

అలా అంటూ ఆమె వేలితో ఎలుగుబంటిని పొడుస్తోంది. నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా. అంతకు మించి ఏమీ అనొద్దు అన్న డాక్టరమ్మ మాట ఇద్దరికీ గుర్తుంది. ఊరుకోవచ్చు. కాగితం ఆమెకే వదిలేసి, ధైర్యం చెప్పి, మెట్లు దిగి వచ్చెయ్యొచ్చు. మళ్ళీ బిడ్డ పుడితే అదే కాగితం గోడ మీద ఉంటుంది, ఆమె అలాగే పడుకోబెడుతుంది.

“ఈ బొమ్మ వేసింది నేను” అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు.

“నేను వేశాను. ఇలా పడుకోబెట్టకూడదని వేసిన బొమ్మ ఇది. ఆ సంగతి ఎవరికీ అర్థం కాకుండా వేశాను. పాప ఎందుకు పోయిందో నాకు తెలీదు, డాక్టర్లకీ కచ్చితంగా తెలీదు. కానీ బిడ్డకి ఇలా పడుకోవడం ప్రమాదం. మీరు కాగితం చెప్పినట్టే చేశారు. కాగితమే తప్పు చెప్పింది.”

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను. ఆమె మెల్లగా టేపు తనే పీకింది, నాలుగు మూలలూ. కాగితం వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టింది.

“రాయండి. ఇప్పుడు చెప్పింది రాయండి. మీరు వెళ్ళిపోయాక వీళ్ళు మళ్ళీ నన్నే అంటారు.”

చిన్న మంచం అంచు మీద కాగితం పెట్టుకుని రాశాను. ఈ తల్లి తప్పు ఏమీ లేదు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో ఉన్నట్టే చేసింది. ఆ కాగితం మీద తప్పుదారి పట్టించే బొమ్మ వేసింది నేను. కింద పేరు, పనిచేసే చోటు, ఫోను నంబరు రాశాను.

అక్కడితో కలం మూసెయ్యొచ్చు. ఆమె అడిగింది అంతే. నర్సమ్మ కూడా చదివి చాలన్నట్టు తల ఊపింది. కానీ చెయ్యి ఆగలేదు. ఇంకొక వాక్యం రాశాను.

ఆమె కాగితం అత్తగారి ముందు పట్టుకుంది. పెద్దావిడ తనకి కళ్ళు ఆనవంది. “అయితే మీరే చదవండి” అంది ఆ తల్లి నాతో. చదివాను. భర్తని దగ్గరికి పిలిచి, “మళ్ళీ చదవండి” అంది. మళ్ళీ చదివాను. అతను గోడకి జారగిలపడి కూర్చుండిపోయాడు. పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, కోడలి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది.

రెండుసార్లూ నేను చివరి వాక్యం చదవలేదు. పేరు దగ్గరే ఆగిపోయాను. గొంతు పూడుకుపోయింది అనుకున్నారు వాళ్ళు.

“ఇంకా ఏదో ఉందే” అంది ఆ తల్లి. కాగితం తీసుకుని వెలుగు కోసం కిటికీ దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ, ఒక్కో మాటా పైకి చదివింది.

“ఈ బొమ్మ... ప్రమాదమని... నాకు... ఫిబ్రవరి తొమ్మిదినే... తెలిసింది. పదిహేడు దాకా... ఎవరికీ... చెప్పలేదు.”

కాగితం కిటికీ గట్టు మీద పెట్టింది. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిది దాటాక పది నుంచి మొదలుపెట్టి, పాప పోయిన పదిహేను దగ్గర ఆగింది.

“ఆరు రోజులు” అంది.

“అవును” అన్నాను.